గుట్టు దాచే యంత్రానికి పరీక్ష పెట్టేదెలా?

బస్తర్ ప్రాంతంలో, సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు వెళ్ళే దారిలో చింతలనార్ అనే ఊరుంది. ఆ ఊరి అమ్మాయి ఒకరు స్కాలర్‌షిప్ కోసం కంప్యూటర్‌లో దరఖాస్తు నింపిందనుకుందాం. పేరు, తండ్రి పేరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, కులం, కుటుంబ ఆదాయం, అన్నీ అందులో ఉంటాయి. చివరి మీట నొక్కగానే ఆ వివరాలన్నీ ఎక్కడికి వెళతాయి? ఏదో నగరంలో, వందల కంప్యూటర్లు వరుసగా పేర్చిన భవనానికి. ఆ కంప్యూటర్ దరఖాస్తు తీసుకున్న సంస్థది కాకపోవచ్చు. వేరొక కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నది కావచ్చు. అద్దెకిచ్చిన కంపెనీ ఉద్యోగి ఎవరైనా ఆ వివరాలను తొంగి చూడకుండా ఆపేది ఏమిటి?

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకు జవాబు ఒప్పంద పత్రాలూ, నమ్మకమూ మాత్రమే. సుమారు పదేళ్ళుగా మరో జవాబు వినిపిస్తోంది. కంప్యూటర్ యజమాని చూడాలనుకున్నా చూడలేని విధంగా, మెమరీ మొత్తాన్ని గూఢలిపిలోకి మార్చేసి నడిపే ‘ఎన్‌క్రిప్టెడ్ వర్చువల్ మెషీన్’. ఈ ఏర్పాటును పొగుడుతూ చాలా వ్యాసాలు వచ్చాయి. ఈ వ్యాసం ఉద్దేశం వేరు. ఆ ఏర్పాటు సరిగా పనిచేస్తోందో లేదో తెలుసుకునేందుకు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొన్ని పరీక్షలు రాశారు. మనం ఆ పరీక్షలనే పరీక్షిద్దాం.

ఒకే ఇంట్లో పది వాటాలు

ముందు రెండు మాటలు తెలుసుకోవాలి. కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజ లోపలి పప్పు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో కంటికి కనిపించే బొమ్మలూ, కిటికీలూ పైతొక్క. మెమరీని పంచడం, ఏ ప్రోగ్రాం ఎంతసేపు నడవాలో నిర్ణయించడం, డిస్కుతోనూ నెట్‌వర్క్‌తోనూ మాట్లాడటం, ఇవన్నీ చేసే లోపలి పప్పే కెర్నెల్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అటువంటి కెర్నెల్.

ఇక వర్చువల్ మెషీన్. పెద్ద ఇంటిని పది వాటాలు చేసి పది కుటుంబాలకు అద్దెకిచ్చినట్లు, ఒక పెద్ద కంప్యూటర్‌ను పది మిథ్యాయంత్రాలుగా పంచవచ్చు. ఒక్కో వాటాలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. కంప్యూటర్ మొత్తం తనదేనని అది అనుకుంటుంది. ఈ వాటాలను పంచి, అజమాయిషీ చేసే ఇంటి యజమానిని హైపర్‌వైజర్ అంటారు. లినక్స్‌లో ఈ పని చేసే భాగం పేరు కేవీఎం. 2007 ఫిబ్రవరిలో విడుదలైన 2.6.20 వెర్షన్‌తో అది కెర్నెల్‌లో చేరింది.

మామూలు వర్చువల్ మెషీన్‌లో ఒక లోపముంది. ఇంటి యజమాని దగ్గర అన్ని వాటాల తాళంచెవులూ ఉంటాయి. ఏ వాటా మెమరీనైనా అక్షరం పొల్లు పోకుండా చదవగలడు. డిస్కులో దాచిన సమాచారాన్ని గూఢలిపిలో పెట్టవచ్చు. తీగ మీద ప్రయాణించే సమాచారాన్నీ పెట్టవచ్చు. కానీ లెక్క కట్టే సమయంలో సమాచారం మెమరీలోకి విడి అక్షరాలుగా రావలసిందే. దొంగకు కావలసింది ఆ క్షణమే!

యజమాని దగ్గర లేని తాళంచెవి

ఈ లోపాన్ని పూడ్చడానికి ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ 2016లో ‘ఎస్‌ఈవీ’ అనే పద్ధతిని ప్రకటించింది. 2017లో వచ్చిన ఎపిక్ సర్వర్ ప్రాసెసర్లలో దాన్ని అమర్చింది. ప్రాసెసర్‌కూ మెమరీ చిప్పులకూ మధ్య ఉండే నియంత్రకంలో ఏఈఎస్ గూఢలిపి యంత్రం ఒకటి ఉంటుంది. మెమరీలోకి వెళ్ళే ప్రతి అక్షరం గూఢలిపిగా మారి వెళుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మామూలుగా మారి వస్తుంది. ఒక్కో వాటాకు ఒక్కో తాళంచెవి. ఆ తాళంచెవులు ప్రాసెసర్ లోపలే ఉన్న మరో చిన్న రక్షణ ప్రాసెసర్ దగ్గర ఉంటాయి. ఇంటి యజమానికి అవి దొరకవు. మెమరీలో ఏ పేజీ రహస్యం, ఏ పేజీ యజమానితో ఉమ్మడి అన్నది పేజీ పట్టికలోని ఒక్క బిట్ చెబుతుంది.

మెమరీ దాచినంత మాత్రాన సరిపోలేదు. వాటా పని ఆగిన ప్రతిసారీ ప్రాసెసర్ రిజిస్టర్లలోని అంకెలు యజమాని కంట పడేవి. అందుకని రెండో మెట్టుగా రిజిస్టర్లనూ దాచే ‘ఎస్‌ఈవీ-ఈఎస్’ వచ్చింది. యజమాని పేజీలను తారుమారు చేయకుండా ఆపే ‘ఎస్‌ఈవీ-ఎస్ఎన్‌పీ’ మూడో మెట్టు. అది 2021 నాటి మూడో తరం ఎపిక్ ప్రాసెసర్లతో వచ్చింది. ఇంటెల్ కంపెనీ పద్ధతి పేరు టీడీఎక్స్.

హార్డ్‌వేర్ ఉంటే చాలదు, దాన్ని వాడుకునే తెలివి కెర్నెల్‌కు ఉండాలి. కేవీఎంలోకి మొదటి మెట్టు 4.16 వెర్షన్‌తో 2018 ఏప్రిల్‌లోనూ, రెండో మెట్టు 5.11తో 2021 ఫిబ్రవరిలోనూ, మూడో మెట్టు 6.11తో 2024 సెప్టెంబరులోనూ చేరాయి. టీడీఎక్స్‌కు 6.16తో 2025 జులైలో చోటు దొరికింది.

పొగ రాకపోతే చాలా?

కెర్నెల్ మూలపాఠంతోపాటే దాన్ని పరీక్షించే చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా ఉంటాయి. వీటిని సెల్ఫ్‌టెస్టులంటారు. ఒకే కంప్యూటర్‌లో ఎస్‌ఈవీ వాటాను ఒక వర్చువల్ మెషీన్ నుంచి మరోదానికి తరలించే పనికి సంబంధించిన పరీక్షలు ముందే ఉన్నాయి. కానీ ఒక గూఢలిపి వాటాను మొదటి నుంచి తయారు చేసి, అందులో కొంత పని నడిపించి చూసే ప్రాథమిక పరీక్ష 2024 మే నెలలో 6.9 వెర్షన్‌తో వచ్చింది. అంటే ఎస్‌ఈవీ కేవీఎంలో చేరిన ఆరేళ్ళకు! ఈ ఆలస్యం గమనించదగ్గదే.

దాని పేరు ‘స్మోక్ టెస్ట్’, అంటే పొగ పరీక్ష. రేడియో బాగుచేసేవారు అన్ని తీగలూ అతికించి స్విచ్ వేస్తారు. పొగ రాకపోతే అమ్మయ్య అనుకుంటారు. పాట వినిపిస్తుందా లేదా అన్నది ఆ తరువాతి సంగతి. ఈ పరీక్షా అటువంటిదే.

ఇది రాయడం తేలికేమీ కాదు. ఎందుకో చూడండి. మామూలు వాటాలో పరీక్ష పెట్టేవాడు లోపలికి వెళ్ళి మెమరీ, రిజిస్టర్లు చూసి మార్కులు వేస్తాడు. ఇక్కడ లోపలికి చూడలేకపోవడమే యంత్రం గొప్ప. పరీక్షాధికారి గదిలోకి రాకూడదు, విద్యార్థి మాత్రం పరీక్ష రాయాలి, ఫలితం బయటికి తెలియాలి! అందుకని మొదటి మెట్టు పరీక్షలో మెమరీలో కొంత భాగాన్ని గూఢలిపి లేకుండా ఉమ్మడిగా ఉంచి, దాని ద్వారా జవాబు తెప్పించుకుంటారు. రెండో మెట్టులో ఈ మామూలు దారి కూడా పనికిరాదు. అక్కడ లోపలి ప్రోగ్రాం పని ముగించి, ముందుగా అనుకున్న ప్రత్యేక రిజిస్టర్‌లో ‘నన్ను ఆపేయండి’ అన్న సంకేతం రాసి బయటికి వస్తుంది. తలుపు కింద నుంచి చీటీ తోసినట్లన్నమాట. ఆ చీటీ అందితే పాస్. ఇది నిజంగా తెలివైన ఏర్పాటు.

ఇంతకీ లోపల జరిగే పరీక్ష ఏమిటి? ప్రాసెసర్‌లోని ఒక స్థితి రిజిస్టర్‌ను చదివి, ‘ఎస్‌ఈవీ నడుస్తోంది’ అనే బిట్ 1గా ఉందో లేదో చూడటం. రెండో మెట్టులో రెండు బిట్లు. వాటా గూఢలిపిలో నడుస్తున్నప్పుడు ఈ రిజిస్టర్ చదవడంలో యజమాని వేలు పెట్టలేడు. కాబట్టి ఆ జవాబు నమ్మదగ్గదే. కావాలని వాటాను కూలదోసి, ఆ కూలిన సంగతి బయటికి సరిగా తెలుస్తోందో లేదో చూసే భాగం కూడా ఉంది.

నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. తాళం తిరిగిందని ఈ పరీక్ష చెబుతుంది. గది మూసుకుందని చెప్పదు. లోపలి మెమరీలో ఒక మాట రాసి, యజమాని వైపు నుంచి అదే చోటును చదివి, ఆ మాట కనిపించకుండా ఉందో లేదో చూడటం ఆ పొగ పరీక్షలో లేదు. రహస్యం దాచే యంత్రానికి పెట్టిన పరీక్షలో రహస్యమనేదే లేదు!

జరగని పరీక్షకు ‘సరే’

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. ఈ పరీక్షను మీ కాలేజీ కంప్యూటర్‌లో నడిపారనుకోండి. దానిలో ఎస్‌ఈవీ ఉన్న సర్వర్ ప్రాసెసర్ ఉండదు కనుక, పరీక్ష మొదట్లోనే ఆ సంగతి గ్రహించి ఆగిపోతుంది. నెగ్గితే 0, ఓడితే 1, చేయకుండా వదిలేస్తే 4 అన్న అంకెను తిరిగి ఇవ్వాలని సెల్ఫ్‌టెస్టుల నియమం. అంటే లోపల మూడు ఫలితాలకూ తేడా ఉంది. కానీ చివర అచ్చయ్యే ఫలితాల జాబితాలో వదిలేసిన పరీక్ష కూడా ‘ఓకే’ అన్న మాటతోనే మొదలవుతుంది. వరుస చివర ‘స్కిప్’ అన్న మాట చేరుతుంది, అంతే. వందల వరుసల జాబితాలో కన్ను ముందు పట్టేది ‘ఓకే’నే.

ఇది చదివినప్పుడు నాకు నా ఎంఎస్సీ రోజులు గుర్తొచ్చాయి. మా ప్రయోగశాలలో హాల్ ఎఫెక్ట్ ప్రయోగానికి వాడే విద్యుదయస్కాంతం చుట్ట కాలిపోయింది. ఆ ఏడాది ఎవరమూ ఆ ప్రయోగం చేయలేదు. అయినా అందరి రికార్డుల్లోనూ పై తరగతివారి అంకెలు చేరాయి, అందరి విషయసూచికల్లోనూ టిక్కు పడింది. నేనూ రాశాను. పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన అధ్యాపకుడు ఒక ప్రశ్న అడిగారు: “అయస్కాంతాన్ని ఆపేస్తే మీటర్ ఎంత చూపింది?” చూసినవాడు మాత్రమే చెప్పగల జవాబది. నా దగ్గర లేదు. యంత్రం చెడిపోవడం మా తప్పు కాదు. ‘చేయలేదు’ అని రాయవలసిన చోట టిక్కు పెట్టడమే మా తప్పు.

‘స్కిప్’ అని రాసే కెర్నెల్ రచయితలు మా కంటే నిజాయితీపరులు, సందేహం లేదు. కానీ పరీక్ష ఫలితాన్ని చదివేవాడు ఎలా చదువుతాడో కూడా పరీక్ష రాసినవాడే ఆలోచించాలి. అవసరమైన ప్రాసెసర్లు ఉన్నది కొద్దిమంది చేతుల్లో. మిగతా ప్రపంచమంతా ఆ పరీక్ష వదిలేయబడుతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు ‘నెగ్గినవి ఇన్ని, ఓడినవి ఇన్ని, అసలు చేయనివి ఇన్ని’ అని మూడు లెక్కలూ ఒకే కొలత అక్షరాల్లో కనిపించాలి.

బయటివాళ్ళు పెట్టిన పరీక్షలు

అసలైన పరీక్షలు మరోచోట జరిగాయి. వాటిని పెట్టినవారు విశ్వవిద్యాలయాల, పరిశోధన సంస్థల, కంపెనీల నిపుణులు. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

2018లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ‘సెవర్డ్’ అనే దాడిని ప్రకటించారు. వారు గూఢలిపిని ఛేదించలేదు, ఆ అవసరమే లేకపోయింది. వాటా లోపల ఒక వెబ్ సర్వర్ నడుస్తోంది. అది బయటివారికి ఒక ఫైలు చదివి పంపుతూ ఉంటుంది. ఏ పేజీ అసలు మెమరీలో ఎక్కడ ఉందో చూపే పట్టిక యజమాని చేతిలో ఉంది. అతడు ఆ పట్టికలో ఫైలు పేజీకి బదులు రహస్య పేజీని చూపించాడు. పాపం, ఆ సర్వర్ తన తాళంచెవితోనే తన రహస్యాన్ని తెరిచి, మామూలు అక్షరాల్లో బయటికి పంపింది! ఆ సమయంలో ‘ఎస్‌ఈవీ నడుస్తోంది’ అనే బిట్ 1గానే ఉంది. పొగ పరీక్ష పెట్టి ఉంటే నూటికి నూరు మార్కులు వచ్చేవి. మూడో మెట్టు ఎస్ఎన్‌పీ ఈ దారినే మూసింది.

2024లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిచ్ పరిశోధకులు ‘హెక్లర్’ దాడిని చూపించారు. గడియారం కొట్టింది, నెట్‌వర్క్‌లో ఉత్తరం వచ్చింది అని లోపలికి కబురు చెప్పడం యజమాని పనుల్లో ఒకటి. ఒక్కో కబురుకూ ఒక్కో సంఖ్య. వీటిని ఇంటరప్టులంటారు. వీటిలో 128వ సంఖ్యను పాత 32-బిట్ ప్రోగ్రాములు కెర్నెల్‌ను సాయం అడగడానికి వాడేవి. అంటే ఆ సంఖ్య లోపలి నుంచే రావాలి. పరిశోధకులు యజమాని వైపు నుంచి 128ని పంపారు. లోపలి కెర్నెల్ అది తన ప్రోగ్రామే అడిగిందనుకుంది. ఆ గందరగోళంలో ఒక రిజిస్టర్ విలువ మారిపోయి, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి ప్రవేశం దొరికింది. లినక్స్‌లో దీనికి దిద్దుబాట్లు చేశారు.

2024 డిసెంబరులో వెలువడిన ‘బ్యాడ్‌రామ్’ది మరో దారి. ప్రతి మెమరీ పలక మీదా దాని పరిమాణం రాసి ఉన్న చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. సుమారు పది డాలర్ల సామగ్రితో ఆ రాతను మార్చి, పలక ఉన్నదాని కంటే రెట్టింపు పెద్దదని ప్రాసెసర్‌ను నమ్మించారు. దాంతో ఒకే చోటుకు రెండు చిరునామాలు ఏర్పడ్డాయి. ముందు తలుపుకు కాపలా ఉంది, దొడ్డి తలుపుకు లేదు. ఏఎండీ దీనికి ఫర్మ్‌వేర్‌లో సవరణ ఇచ్చింది.

2025లో గూగుల్ పరిశోధకులు బయటపెట్టిన ‘ఎంట్రీసైన్’ కథ విద్యార్థులందరూ తెలుసుకోవలసినది. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్‌కు సవరణ వస్తే అది కంపెనీదేనా అని సంతకం చూసి నిర్ధారించుకోవాలి. ఆ నిర్ధారణకు వాడిన తాళంచెవి, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన పత్రంలో ఉదాహరణగా అచ్చు వేసిన తాళంచెవే! పాఠ్యపుస్తకంలో ఉదాహరణకిచ్చిన అంకెనే ఇంటి తాళానికి పెట్టుకున్నట్లు.

తప్పు ఎంత, ఎవరిది?

ఈ నాలుగూ చూసి కెర్నెల్ పరీక్షల రచయితలను నిందించడం న్యాయం కాదు. సెవర్డ్ చూపినది ఎస్‌ఈవీ రూపకల్పనలోని లోటు. బ్యాడ్‌రామ్‌ది మెమరీ పలక, ఫర్మ్‌వేర్‌ల సమస్య. ఎంట్రీసైన్‌ది ప్రాసెసర్ లోపలి సమస్య. కెర్నెల్ పరీక్ష ఎంత బాగా రాసినా ఇవి దానికి అందవు. ‘మేం పరీక్షించేది మా కోడ్‌ను, చిప్పును కాదు’ అని కేవీఎంవారు అంటే ఒప్పుకోవలసిందే.

హెక్లర్ అలాంటిది కాదు. మోసపోయింది వాటా లోపలి కెర్నెల్. ఎస్ఎన్‌పీ, టీడీఎక్స్ వాటాలో నడవగల శక్తి లినక్స్‌కు 2022 జులైలో 5.19తో వచ్చింది. ఆ వాటాలో యజమానిని నమ్మరాదన్నది మొదటి సూత్రం. 2023లో కెర్నెల్ పత్రాలలో చేరిన ప్రమాద విశ్లేషణ కూడా అదే చెబుతుంది. సూత్రం అదైనప్పుడు, పరీక్షలో యజమాని దొంగలా ప్రవర్తించాలి కదా! పంపగలిగిన ఇంటరప్టులు 0 నుంచి 255 వరకు 256 మాత్రమే. ఒక్కొక్కటీ రాకూడని వేళ పంపి, లోపలి కెర్నెల్ దాన్ని తిరస్కరిస్తుందో లేదో చూడటం ఊహకందని పనేమీ కాదు. ఇలాంటి పరీక్ష మనకు సులభంగా తట్టకపోవడానికి కారణం, మన పరీక్షలు రాసే అలవాటే. యజమాని మంచివాడు, అందరూ నియమం ప్రకారం నడుస్తారు అనుకుని పరీక్ష రాస్తాం. ఆ అలవాటు మామూలు యంత్రానికి సరిపోతుంది. దొంగ కోసమే కట్టిన గోడకు సరిపోదు.

సైన్సులో ఇది పాత పాఠమే. ఒక సిద్ధాంతాన్ని బలపరిచే ప్రయోగాలు వంద చేయడం కంటే, దాన్ని పడగొట్టగల ప్రయోగం ఒకటి చేసి అది నిలబడిందో లేదో చూడటం మేలు. పొగ పరీక్ష మొదటి రకం. హెక్లర్ రెండో రకం. కెర్నెల్‌తో పాటు వచ్చే పరీక్షల్లో రెండో రకం పెరగాలి. ప్రతి పరీక్ష పక్కనా ‘ఇది నెగ్గితే ఫలానాది రుజువైనట్లు కాదు’ అన్న ఒక్క వాక్యం కూడా ఉండాలి.

మీరు చేయదగ్గ ప్రయోగం

ఇదంతా ఖరీదైన సర్వర్ల గొడవ, మాకెందుకు అనుకోకండి. లినక్స్ మూలపాఠం అందరికీ ఉచితం. ఈ పరీక్షలూ అందులోనే ఉన్నాయి. సి భాష నేర్చుకున్న డిగ్రీ విద్యార్థి ఓపికగా కూర్చుంటే చదవగలిగినవే.

మీ కంప్యూటర్‌లో, మీ సొంత యంత్రం మీదే, ఒక మామూలు వర్చువల్ మెషీన్‌ను క్యూఎమూ అనే ఉచిత ప్రోగ్రాంతో నడపండి. దాని లోపల ఒక ఫైలులో మీ ఊరి పేరు, దాని పక్కన ఎవరూ ఊహించలేని ఒక సంఖ్య రాసి, ఫైలును తెరిచి ఉంచండి. ఇప్పుడు బయటి నుంచి వాటా మెమరీ మొత్తాన్ని డిస్కు మీదికి దించండి. అందుకు క్యూఎమూలో ఆజ్ఞ ఉంది. దించిన దానిలో ఆ మాట కోసం వెతకండి. దొరుకుతుంది! మీ వాటాలో మీరు రాసుకున్నది యజమాని ఎంత సులభంగా చదవగలడో అప్పుడు కళ్ళారా తెలుస్తుంది. ఇదే ప్రయోగాన్ని ఎస్‌ఈవీ ఉన్న యంత్రం మీద చేస్తే ఆ మాట దొరకకూడదు. పొగ పరీక్షలో నేను లేదన్నది సరిగ్గా ఈ ప్రయోగమే.

తరువాత కెర్నెల్ సెల్ఫ్‌టెస్టులను కూడా నడపండి. ఎస్‌ఈవీ దగ్గరికి రాగానే మీ తెర మీద ‘ఓకే’, ఆ వరుస చివర ‘స్కిప్’ కనిపిస్తాయి. మీ రికార్డులో టిక్కు పెట్టకండి. ‘యంత్రం లేనందున చేయలేదు’ అని రాయండి. చింతలనార్ అమ్మాయి దరఖాస్తును ఏదో ఒక రోజు మీలో ఒకరు రాసిన ప్రోగ్రామే తీసుకోవచ్చు. ఆమె వివరాలు భద్రమేనా అని ఎవరైనా అడిగితే, పరీక్షించి చూసినదేదో, చూడనిదేదో విడివిడిగా చెప్పగలిగేది ఇప్పుడు రికార్డు నిజంగా రాసినవారే.